చలికి ఉబ్బిన పిన్నులు

కొండమీది స్టేషన్, యంత్రాల గది
చలి మొదలైన వారం

వదినా,

నా ముక్కు తప్ప మిగతా నేనంతా క్షేమం. చలి మొదలైంది, ముక్కు కుళాయి అయింది. ఫోన్ చెయ్యమంటావు గానీ, సిగ్నల్ కావాలంటే కొండెక్కాలంటారు ఇక్కడ. నేనున్నదే కొండమీద, ఇంకెక్కడికి ఎక్కను చెప్పు! ఒకవేళ దొరికినా నీ వెనకాల ఫర్నేసు హోరు, దాని మీద అన్నయ్య కేకలు. ఉత్తరమైతే మధ్యలో ఎవరూ అడ్డురారు.

అసలు సంగతికి వస్తాను. ఎండాకాలంలో మీ షాపు నుంచి పిన్నులు పంపారు గుర్తుందా? మా రోప్‌వే క్యాబిన్‌ని కేబుల్‌కి వేలాడదీసే లావుపాటి స్టీలు పిన్నులు. సీజన్ మొదలయ్యేలోపు కావాలని నేను పీకలమీద కూర్చుంటే అన్నయ్య తిట్టుకుంటూ చేసిచ్చాడే, అవే. బిగించిన రోజు వెన్నలా జారాయి. ఇప్పుడు గ్రీజు పెట్టడానికి తీద్దామంటే మొరాయిస్తున్నాయి. చలికి ఇనుము ముడుచుకుంటుందని కదా మనకి బళ్ళో చెప్పారు! అన్నయ్య స్టీలు మాత్రం ఉబ్బుతోంది. నేనూ ఉబ్బుతున్నాననుకో, కానీ నాది తిండి మహిమ.

ఒకదాన్ని సుత్తితో బాది తీశాను. ఈ ముక్క అన్నయ్య చెవిన వెయ్యకు. పిన్నుని బాదేవాళ్ళు ఫిట్టర్లు కాదు, కసాయిలు అని నాకు నేర్పిందే తను.

పొద్దున్నే మొదటి క్యాబిన్ ఎప్పటిలాగే నాది. జనాన్ని ఎక్కించే ముందు, మరమ్మతు చేసినవాళ్ళే ఒంటరిగా ఒకసారి అటూ ఇటూ తిరిగి రావాలన్నది ఇక్కడి పద్ధతి. కింద లోయ, పైన అన్నయ్య పిన్ను, మధ్యలో నేనూ నా పాటా. నా పాట వినలేకే ఇక్కడి పక్షులు వలస పోతున్నాయని మేనేజరు అంటాడు. చెవిలేని మనిషి.

ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు. ఆ సగం అధికారంతో ఆజ్ఞాపిస్తున్నాను, వెంటనే జవాబు రాయి. అన్నయ్య మోకాలు ఎలా ఉంది?

గిరక


ఫర్నేసు షాపు, పరీక్షల గది

గిరకకి,

ఉత్తరం అందింది. మీ అన్నయ్య మోకాలు నయం. మేము బాగానే ఉన్నాం.

ఆ పిన్నుల గురించి కొంచెం వివరంగా రాయి. తలమీద ఒక గుర్తు కొట్టి ఉంటుంది చూడు, కొన్నిటికి గీత, కొన్నిటికి చుక్క. ఏ విడతలో కాల్చామో తెలియడానికి నేనే కొట్టిస్తాను. బిగుసుకున్నవి చుక్కవా, గీతవా? బిగుతు చలి మొదలయ్యాకే వచ్చిందా, ముందునుంచీ ఉందా? ఇక ఏ పిన్నునీ బాదకు. నువ్వు తీసినదాన్ని ఈ ఉత్తరం తెచ్చిన పార్సిల్ లారీలోనే పంపు. షాపు పేరు మీద వద్దు, నా పేరు మీద పంపు.

మీ అన్నయ్యకి రాయకు. ఊరికే, నాకు తెలుసుకోవాలనిపించింది, అంతే.

జలుబు అన్నావు కదా, కొన్నాళ్ళపాటు ఆ మొదటి క్యాబిన్ ఇంకెవరినైనా ఎక్కమనరాదూ?

మీ వదిన


కొండమీది స్టేషన్, యంత్రాల గది

వదినా,

అది ఉత్తరమా, కోర్టు నోటీసా? కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో నువ్వు నాకు ఒక్క వెటకారమైనా లేకుండా రాసిన ఉత్తరం ఇదే. నాకు గిరక అని పేరు పెట్టింది అన్నయ్యే గానీ, నేను ఆగకుండా తిరుగుతాననీ తిరిగినంతసేపూ కిర్రుమంటాననీ ఊరంతా చాటింది నువ్వు. అలాంటి నువ్వు "ఉత్తరం అందింది" అని మొదలుపెడితే, ఇంకెవరైనా రాశారేమోనని తిరగేసి చేతిరాత చూశాను.

అడిగినదానికి జవాబు. బిగుసుకున్నవన్నీ చుక్కవే. గీత గుర్తువి పిల్లల్లా మాట వింటున్నాయి. ముందు లేదు, మంచు పడ్డ రాత్రి తర్వాతే ఈ బిగుతు. పిన్ను గోనెగుడ్డలో చుట్టి లారీ డ్రైవరుకి ఇచ్చాను. లోపల ఏముందని అడిగాడు, మా వదినకి కొండమీద కానుక అన్నాను. తూచి చూసి, మీ వదినంటే మీకు బాగా కోపమున్నట్టుంది అన్నాడు.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరికీ కనపడదనుకుంటుందట. నువ్వేదో దాస్తున్నావు. అన్నయ్యకి ఒంట్లో బాగాలేదా? షాపు మూసేస్తున్నారా? మీరిద్దరూ పోట్లాడుకున్నారా? ఏదైనా సరే సూటిగా రాయి. జలుబని నన్ను క్యాబిన్ దింపడమేమిటి, నేనేమన్నా ముక్కుతో నడుపుతానా దాన్ని?

గిరక


ఫర్నేసు షాపు, పరీక్షల గది

గిరకా,

సూటిగా రాయమన్నావు, రాస్తున్నాను. మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే గుమస్తా "ఆవిడ స్తంభం మీదుంది" అన్నాడు. మళ్ళీ చేసేసరికి మీ అన్నయ్య పక్కకొచ్చి నిలబడ్డారు. అందుకే ఈ ఉత్తరం లారీ డ్రైవరు చేతికిచ్చి, నీ చేతికే ఇమ్మని ఒట్టు వేయించుకున్నాను.

ఈ పిన్నులది మామూలు స్టెయిన్‌లెస్ కాదు, ఇందులో కాస్త రాగి ఉంటుంది. మొదట ఎర్రగా కాలిస్తే, ఉప్పు నీళ్ళలో కరిగినట్టు ఆ రాగి స్టీల్లో కరిగిపోతుంది. ఆ తర్వాత చల్లారుతున్నప్పుడు స్టీలు లోపలి అల్లికే మారిపోతుంది. ఈ మార్పు పూర్తికావాలంటే ముక్క నిజంగా చల్లబడాలి, గోరువెచ్చన కూడా మిగలకూడదు. అప్పుడు రెండో ఫర్నేసులో తక్కువ వేడి మీద గంటలకొద్దీ ఉంచుతాం. కరిగిన రాగి నలుసులుగా బయటపడుతుంది. నా మైక్రోస్కోపుకి కూడా దొరకనంత సన్నటి నలుసులు. అవే లోపల అడుగడుగునా అడ్డుపడి స్టీలుని లొంగకుండా నిలబెడతాయి. నిన్ను మోసే బలమంతా ఆ కనపడని నలుసులదే.

ముక్క చల్లారిందో లేదో మీ అన్నయ్య ఎప్పుడూ చేతి వెనకవైపు ఆనించి చూస్తారు. నువ్వూ చూశావు కదా. నేను థర్మామీటరు కొంటే దాన్ని మేకుకి తగిలించి, ఇదెవరికి జ్వరం చూడ్డానికి అని ఎగతాళి చేశారు. మామూలు రోజుల్లో ఆ చెయ్యి సరిగ్గానే చెప్తుంది. కానీ నీ పిన్నులు చేసింది మండుటెండల్లో. షాపులో బల్ల కాలుతోంది, గోడ కాలుతోంది, గాలి కాలుతోంది. వాటి మధ్య వెచ్చటి ముక్క కూడా చేతికి చల్లగానే తగులుతుంది. చుక్క గుర్తు విడత అలా వెచ్చగా ఉండగానే రెండో ఫర్నేసులోకి వెళ్ళింది.

అలా వెళ్తే లోపల కొంత భాగం మారకుండా మిగిలిపోతుంది. అప్పటికి అది అణిగిమణిగి ఉంటుంది. హార్డ్‌నెస్ మిషన్ మీద అంకె సరిగ్గానే వచ్చింది, సంతకం పెట్టింది నేనే. తర్వాత గట్టి చలి తగిలితే ఆ మిగిలింది అప్పుడు మారుతుంది. మారేటప్పుడు ఉబ్బుతుంది. ఉబ్బితే ఉబ్బింది, దానికి భయం లేదు. కానీ అలా ఆలస్యంగా మారిన భాగానికి మళ్ళీ వేడి తగలదు కాబట్టి అది గాజులా పెళుసుగా ఉండిపోతుంది.

నీ మొదటి ఉత్తరం చదవగానే షాపులో మిగిలిన చుక్క పిన్నొకటి, గీత పిన్నొకటి ఇంటికి తెచ్చి, ఫ్రిజ్‌లో ఐసు అరలో పెట్టాను. మీ అన్నయ్య మంచినీళ్ళకని తలుపు తీసి "ఇవాళ కూరేమిటి, ఇనుమా?" అన్నారు. తీసి, గది వేడికి రానిచ్చి కొలిస్తే చుక్కది వెంట్రుక మందంలో సగం పెరిగింది. గీత పిన్ను కొంచెం కూడా పెరగలేదు. వారమంతా తీసి పెడుతూ, కొలుస్తూ, నాదే పొరపాటు కావాలని కోరుకున్నాను. ఇవాళ నువ్వు పంపినది వచ్చింది. దాన్ని కోసి, గంటు పెట్టి, ఎంత దెబ్బకి విరుగుతుందో చూపే ఊగే సుత్తి మిషన్ కింద ఉంచాను. గీత ముక్క వంగి, సాగి, బతిమాలించుకుని విరిగింది. నీ ముక్క సుద్దముక్కలా టక్కున రెండయింది.

మీ అన్నయ్యకి చెప్పాను. మొదట నవ్వారు. "ఇన్నేళ్ళ చెయ్యి ఇది, నీ ఫ్రిజ్ చెప్పిందా దీనికి తప్పని?" అన్నారు. మళ్ళీ చెప్తే నవ్వలేదు. అప్పట్నుంచీ మా మధ్య మాటల్లేవు.

నా మాట విను. కొత్త పిన్నులు నేనే దగ్గరుండి, థర్మామీటరు పెట్టి చేయిస్తాను, చుక్క గుర్తువి మార్చడానికి వేరే ఏదో కారణం చెప్తాను. అవి రాగానే గుట్టుగా మార్చేసెయ్. ఎవరి పేరూ బయటికి రాదు. అవి వచ్చేదాకా మాత్రం నువ్వు క్యాబిన్ ఎక్కకు. జ్వరమని చెప్పు, కాలు బెణికిందని చెప్పు, ఏదో ఒకటి చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

మీ వదిన


కొండమీది స్టేషన్, టిక్కెట్ల గది

వదినా,

గది మారింది చూశావా? వివరం తర్వాత రాస్తాను, ముందు నిన్ను తిట్టాలి.

"నువ్వు ఎక్కకు" అని రాశావు. నేను దిగితే ఆ క్యాబిన్ ఖాళీగా పోతుందనుకున్నావా? నా వెనక బడి పిల్లలు ఎక్కుతారు. వాళ్ళ వెనక నర్సమ్మ మందుల పెట్టెతో ఎక్కుతుంది. ఆ వెనక పెళ్ళయి వారం కాని జంటలు, పళ్ళు లేని ముసలాళ్ళు. వాళ్ళందరికీ కాలు బెణకాలా? నీ ఉత్తరం అన్నయ్య కోసం రాశావు, నా కోసం రాశావు. ఎక్కేవాళ్ళ కోసం మాత్రం ఒక్క వాక్యం లేదు. నువ్వేనా ఇది, సినిమా టిక్కెట్టుకి వరస తప్పినవాళ్ళతో పోట్లాడే మా వదినవేనా!

ఉత్తరం చదివిన చేత్తోనే వెళ్ళి లైను ఆపేశాను. దార్లో ఉన్న క్యాబిన్లని చీమ నడక నడిపించి స్టేషన్‌కి చేర్చేదాకా నాకు ఊపిరాడలేదు. ఆఖరి మనిషి కాలు నేలమీద పెట్టాక గోడకి ఆనుకుని కూలబడ్డాను. ఇన్నాళ్ళ పాటలూ అప్పుడు గుర్తొచ్చి వెర్రి నవ్వొచ్చింది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు, "ఎవరడిగి ఆపావు?" అని. ఏం చెప్పను? ఇంటిగుట్టు లంకకి చేటు. అన్నయ్య పేరు నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. అమ్మానాన్నా పోయాక నన్ను షాపుకి వెంటబెట్టుకెళ్ళి, బోల్టు డబ్బామీద కూర్చోబెట్టి అన్నం తినిపించిన మనిషి వదినా. ఆ చెయ్యి తప్పని నా నోటితో ఎలా చెప్పను? "పిన్నులు నేనే సరిగ్గా బిగించలేదు, గ్రీజు లేకుండా పొడిగా పెట్టి బాదాను, దెబ్బతిన్నాయి, అన్నీ మార్చాలి" అన్నాను. రాసివ్వమన్నాడు, రాసిచ్చాను.

దాంతో నా పానా లాక్కుని టిక్కెట్ల గదిలో పడేశారు. లైనే తిరగనప్పుడు టిక్కెట్టు ఎవడు కొంటాడు? అద్దం వెనక ఈగలు తోలుకుంటున్నాను. ఊళ్ళోవాళ్ళు కాలిబాటన ఎక్కుతూ దిగుతూ నన్ను చూసి గొణుక్కుంటున్నారు. నర్సమ్మ అయితే ఆయాసపడుతూ వచ్చి కిటికీ ముందు నిలబడి, "నీ చేతులు పడిపోనూ" అని మరీ వెళ్ళింది. పడనీలే. జనం నేలమీద ఉన్నారు, అన్నయ్య పేరు భద్రంగా ఉంది. కొత్త పిన్నులు త్వరగా పంపు.

గిరక


ఫర్నేసు షాపు, పరీక్షల గది

గిరకా,

నువ్వు తిట్టిన ప్రతి మాటా నాకు తగినదే. పిన్ను చూస్తే నువ్వే కనిపించావు, నీ పక్కన కూర్చున్నవాళ్ళు కనపడలేదు. సిగ్గుగా ఉంది.

కానీ నువ్వు చేసిన పని నా పనికి తాతలా ఉంది తల్లీ.

మీ మేనేజరు ఇక్కడికి ఫోన్ చేసి, మీ చెల్లెలు పిన్నులు పాడుచేసింది, కొత్తవి పంపండి అన్నాడు. మీ అన్నయ్య ఫోన్ పెట్టేసి నా గదికొచ్చారు. "విన్నావా? నా పిన్నులకేం కాలేదు. అది పొడిగా పెట్టి బాదిందట, తనే ఒప్పుకుని రాసిచ్చిందట" అన్నారు. ఆయన ముఖంలో తేలిక కనిపించింది. ఆ వెంటనే, "నేను నేర్పిన పిల్ల, ఇంత చేతగాని పని చేసిందా" అని తల పట్టుకుని కూర్చున్నారు. నాకు ఆయన మీద జాలేసింది, కోపమూ వచ్చింది.

చుక్క గుర్తువి అన్నీ నీకే రాలేదు. మిగిలినవి ఎత్తయిన మేడలకి రంగులేసే కంపెనీకి వెళ్ళాయి. మనుషులు నిలబడే ఉయ్యాల బల్లలు ఉంటాయే, పైనుంచి తాళ్ళతో దింపేవి, వాటిని పట్టుకునేది ఈ పిన్నులే. వాళ్ళకి నేను ఫోన్ చేసి బల్లలు దింపమన్నాను. వాళ్ళు నమ్మక యజమానితో మాట్లాడతామన్నారు. మీ అన్నయ్య అందుకుని ధీమాగా, "మా ఆవిడకి అనుమానం జబ్బు. రోప్‌వేలో అదే విడత వాడారు, అక్కడ తప్పు ఫిట్టరుదని తేలింది, కాగితం కూడా ఉంది" అన్నారు. నీ కాగితమే గిరకా. అక్కడ నువ్వు జనాన్ని నేలమీదకి దింపిన కాగితమే ఇక్కడ మనుషుల్ని గాల్లో నిలబెట్టింది.

నేను మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తడం మానేశారు. వెళ్ళి గేటు దగ్గర నిలబడితే, మీ ఆయన్ని తీసుకురండమ్మా అన్నారు. ఇక్కడా పొద్దున్నపూట చలి కొరుకుతోంది. ఆ వీధిలో తలెత్తలేకపోయాను.

నేను చెప్తే ఆయనకది పెళ్ళాం మాట. నువ్వు చెప్తే వింటారు. అబద్ధం ఆడానని నువ్వే రాయి, ఆయనకే రాయి. ఆయన మనసు విరుగుతుందేమోనని చూడకు.

మీ వదిన


కొండమీది స్టేషన్, టిక్కెట్ల గది

అన్నయ్యా,

ఇది డ్రైవరు నీ చేతికే ఇస్తాడు. చదివేటప్పుడు వదిన మీద అరవకు, తనేం చెప్పి రాయించలేదు.

నేను పిన్నులు తప్పుగా బిగించలేదు. ఒక్కోదాన్నీ గుడ్డతో తుడిచి, గ్రీజు పూసి, నువ్వు చెప్పినట్టు అరచేత్తోనే తోశాను. మంచు పడ్డాక చుక్క గుర్తువి ఉబ్బి బిగుసుకున్నాయి. బయటికి తియ్యడానికి ఒక్కదాన్నే బాదాను. వదిన విరగ్గొట్టి చూసింది దాన్నే. తప్పు నా బిగింపులో లేదు, నీ పిన్నులోనే ఉంది. ముక్క వెచ్చగా ఉండగానే ఫర్నేసులో పెట్టావు. తొందరపెట్టింది నేనే, ఎండలు మండింది నిజమే, కానీ పెట్టింది నువ్వు.

నీకు మాట రాకూడదని నేను అబద్ధం ఆడాను. మేనేజరు నమ్మాడు, వాడికి నేనెవర్ని? నువ్వెలా నమ్మావన్నయ్యా? పొడి పిన్నుని గూట్లో పెట్టి బాదేదాన్నా నేను? అలాగేనా నన్ను పెంచావు? రోజూ పొద్దున్నే నీ పిన్ను కింద ఒంటరిగా లోయ దాటాను, ఒక్కరోజు కూడా తలెత్తి పైకి చూడలేదు. నేను నీ పిన్నుని ఒక్కపూట అనుమానించలేదు. నువ్వు నా చేతుల్ని ఒక్క ఫోన్‌తో అనుమానించేశావు. ఈ టిక్కెట్ల గది కన్నా, ఊరి తిట్ల కన్నా నాకు అదే ఎక్కువ నొప్పిగా ఉంది.

నన్ను ఏమన్నా అను. ఇక్కడ నేను మనుషుల్ని దింపాను. అక్కడ దింపాల్సింది నువ్వు.

నీ చెల్లెలు


ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర

గిరకా,

నీ ఉత్తరం మీ అన్నయ్య షాపు గుమ్మంలో నిలబడి చదివారు. చదివి మడిచి జేబులో పెట్టుకుని నా గదికొచ్చారు. "చుక్కది ఇంకోటుందా?" అన్నారు. ఉందన్నాను. తనే కోసి, తనే గంటు పెట్టి, తనే సుత్తి వదిలారు. టక్కుమంది. ఆ రెండు ముక్కలూ తీసి, విరిగినచోట ఒకదానికొకటి ఆనించి పట్టుకున్నారు.

నేను ఊరుకోలేక అడిగాను, "దాన్నెలా నమ్మారండీ, గిరక అలా చేస్తుందని?" అని. "నమ్మితే హాయిగా ఉంది. అందుకే నమ్మాను" అన్నారు.

చొక్కా కూడా మార్చుకోకుండా బయల్దేరారు. నేనూ వెంట వెళ్ళాను. ఆ మేడ పైనుంచి బల్లలు వేలాడుతున్నాయి, మనుషులు రంగులేస్తున్నారు. మీ అన్నయ్య వీధి మధ్యలో నిలబడి రెండు చేతులూ ఊపుతూ, "దిగండి, దిగండి" అని అరిచారు. ఫోర్‌మన్ వచ్చి, "ఎవరయ్యా నువ్వు?" అన్నాడు. "ఆ పిన్నులు పాడుచేసినవాణ్ణి" అన్నారు. వీధంతా వినపడేలా అన్నారు. ఫోర్‌మన్ ఆయన ముఖం చూసి, వెంటనే బల్లలు దింపించాడు. అందరూ దిగారు, ఎవరికీ ఏమీ కాలేదు. నేను మెట్లమీద కూర్చుని ఏడ్చాను.

ఇక్కడితో అయిపోయుంటే బాగుండేది.

దిగినవాళ్ళలో ఒకతను మీ అన్నయ్య దగ్గరకొచ్చి, "అయితే అది మావాడి తప్పు కాదా?" అన్నాడు. మొదటి చలి రోజుల్లోనే ఒక బల్లకి పిన్ను విరిగిందట. బల్ల ఒరిగి ఒకతను పడ్డాడు. కింద అంతస్తు ఎత్తు నుంచి కాబట్టి బతికాడు, కాలు నుజ్జయింది. రంగు డబ్బాలు ఎక్కువ పెట్టి బల్లకి బరువు చేశాడని చెప్పి పనిలోంచి తీసేశారు. నేను ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, తప్పు అతనిదేనని ఎప్పుడో తేల్చేసుకున్నారు కదా. ఎప్పుడు జరిగిందని అడిగాను. నేను పిన్నుని ఫ్రిజ్‌లో పెట్టి, తీసి, నాదే పొరపాటు కావాలని కోరుకుంటున్న వారంలోనే జరిగింది.

అతను ఎక్కడుంటాడో కంపెనీలో ఎవరికీ తెలియదు. మీ అన్నయ్య షాపు మానేసి సందు సందూ తిరిగారు. నిన్న దొరికాడు. మెట్ల కింద గది, ఒకే మంచం, కాలికి కట్టు. భార్య మమ్మల్ని చూసి కంపెనీ మనుషులమనుకుని తలుపు వెయ్యబోయింది. మీ అన్నయ్య గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పారు. అతను తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. అతను పెళ్ళాం వైపు తిరిగి, "నేను బరువెక్కువ వెయ్యలేదే! నా తప్పు కాదటే?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇన్నాళ్ళూ తనే చేశాననుకున్నాడు గిరకా. అందరూ అదే చెప్తే, పాపం, తనూ నమ్మేశాడు. ఆమె మాత్రం మీ అన్నయ్య ముఖంలోకి చూసి, "ఇది మాకెందుకండీ చెప్తారు, ఆయన్ని దొంగలా గెంటేసినవాళ్ళకి చెప్పండి" అంది.

ఇవాళ పొద్దున కంపెనీకి వెళ్ళి చెప్పి, రాసిచ్చి, సంతకం పెట్టి వచ్చారు. నేనూ కింద పెట్టాను. అతని కాలు మాత్రం ఏ సంతకంతోనూ మునుపటిలా రాదు. షాపు ఉంటుందో ఊడుతుందో తెలియదు, ఆ మాట మేమిద్దరం ఎత్తడం లేదు.

ఇంటికొచ్చి ఇదే బల్ల దగ్గర కూర్చుని నీ ఉత్తరం మళ్ళీ తీశారు. నువ్వు మీ ఆఫీసుకి నిజం రాయాలని నీకు రాయమన్నారు నాతో. నేను కలం తీసుకుని రెండు ముక్కలు రాశానో లేదో, "వద్దులే, అది నా కోసం మళ్ళీ ఏదో ఒకటి కల్పిస్తుంది" అని లేచి సంచి సర్దుకున్నారు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి మీ అన్నయ్య మీ మేనేజరు ముందు నిలబడి ఉంటారు. నువ్వు అడ్డం పడకు.

మీ వదిన